సూపర్‌మార్కెట్లో సరుకు ఎటు పోతోంది: అపోహలు - వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా నా పని ఒకటే. షాపులో ఉండాల్సిన సరుకుకీ, ఉన్న సరుకుకీ తేడా ఎందుకొచ్చిందో కనిపెట్టడం. మొదట విజయవాడలో చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో. ఆఫీసులో ఈ తేడాని ష్రింకేజ్ అంటారు, షాపులో పనిచేసే కుర్రాళ్లు షార్టేజ్ అంటారు. ఈమధ్య మండల కేంద్రాల్లో సొంతంగా సూపర్‌మార్కెట్లు పెట్టుకున్నవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు: "అన్నా, దొంగతనాలు ఎక్కువైపోయాయి, ఎన్ని కెమెరాలు పెట్టించమంటావు?" నేను ముందు అడిగేది, ఆఖరిసారి స్టాక్ ఎప్పుడు లెక్కపెట్టారని. చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు.

అపోహ: తగ్గిన సరుకంతా కస్టమర్లు ఎత్తుకెళ్లిందే.

అమెరికాలో షాపులవాళ్ల సంఘమైన నేషనల్ రిటైల్ ఫెడరేషన్ 2022 ఆర్థిక సంవత్సరానికి చేసిన సర్వేలో సగటు తరుగు అమ్మకాల్లో 1.6 శాతంగా తేలింది. అందులో బయటివాళ్ల దొంగతనం వాటా 36 శాతం. సిబ్బంది దొంగతనం 29 శాతం, పద్ధతుల్లో పొరపాట్లు 27 శాతం. అది వాళ్ల లెక్క. మన షాపుల్లో ఈ మూడో రకాన్ని అసలు ఎవరూ వెతకరు.

ఒక షాపులో గంధం సబ్బులు 60 తక్కువొచ్చాయి. ఓనర్ అప్పటికే సెక్యూరిటీ మనిషిని మార్చేశాడు. పక్క అరలో ఉన్న అదే కంపెనీ వేప సబ్బులు లెక్కపెట్టిస్తే 58 ఎక్కువున్నాయి. రెండింటి ధరా ఒకటే. కస్టమర్ రెండు అవీ రెండు ఇవీ తెస్తే, బిల్లింగ్ అమ్మాయి గంధం సబ్బు ఒకటి స్కాన్ చేసి నాలుగు అని కొడుతోంది. రద్దీలో అందరూ చేసేదే. నిజంగా పోయినవి రెండు సబ్బులు. ఉద్యోగం మాత్రం ఆ సెక్యూరిటీ మనిషికి పోయింది. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వెనక తలుపు దగ్గర పోయేది ఇంకా ఎక్కువ. దసరా ముందు రోజుల్లో ఇన్‌వార్డ్ దగ్గర, అంటే వచ్చిన సరుకు దించుకునే చోట, అరగంట నిలబడి చూడండి. బండి డ్రైవర్ తొందరపెడుతుంటాడు, వెనక ఇంకో రెండు బండ్లు హారన్ కొడుతుంటాయి. కుర్రాడు పైవరస పెట్టెలు లెక్కపెట్టి, దాన్ని వరసలతో హెచ్చవేసి, ఇన్‌వాయిస్ మీద సంతకం పెట్టేస్తాడు. లోపలి వరసలో ఖాళీ ఉందో లేదో చూసేవాడుండడు. రోజంతా ముందు తలుపు దగ్గర బ్యాగులు తనిఖీ చేసినా దొరకనంత సరుకు ఆ ఒక్క సంతకంతో పోతుంది. ఇన్‌వార్డ్‌కి పొద్దున రెండు గంటలు కేటాయించి, ఆ వేళ దాటితే సరుకు దించుకోనని చెప్పడానికి ఖర్చేమీ ఉండదు. సప్లయర్లు వారం రోజులు గొణుగుతారు, తర్వాత అలవాటు పడతారు.

అపోహ: ఒక నెయ్యి డబ్బా పోతే పోయింది, ఎంతని?

కొన్న ధర 450 రూపాయలు అనుకుందాం. అద్దె, కరెంటు, జీతాలు పోను నూటికి 2 రూపాయలు మిగిలే షాపయితే, ఆ 450 పూడ్చుకోవడానికి 22,500 రూపాయల సరుకు అమ్మాలి. 2011లో గ్లోబల్ రిటైల్ థెఫ్ట్ బారోమీటర్ అనే సర్వే 43 దేశాల్లో ఎక్కువ తరుగు మన దేశంలోనే ఉందని, అది అమ్మకాల్లో 2.38 శాతమని చెప్పింది. ఆ సంఖ్యని పైన చెప్పిన 2 రూపాయల పక్కన పెట్టి చూడండి.

అక్కడితో అయిపోదు. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం పోయిన సరుకు మీద, దొంగలెత్తుకెళ్లిన సరుకు మీద, పాడై లెక్కల్లోంచి తీసేసిన సరుకు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, రాదు. అప్పటికే వాడుకుని ఉంటే వెనక్కి కట్టాలి. ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. షాపు పాలసీల్లో సాధారణంగా ఉండేది తాళం పగలగొట్టి దోచుకుంటే ఇచ్చే కవర్. ఆడిట్‌లో తేలిన, కారణం తెలియని షార్టేజ్‌కి పైసా రాదు. సిబ్బంది మోసానికి ఫిడెలిటీ గ్యారంటీ అని వేరే పాలసీ తీసుకోవాలి. మీ పాలసీ కాగితం ఈ రాత్రే తీసి చదవండి.

అపోహ: కెమెరాలు పెడితే దొంగతనం ఆగుతుంది.

32 కెమెరాలు పెట్టిన షాపుకి వెళ్లాను. స్క్రీన్ మేనేజర్ కుర్చీ వెనక గోడకి ఉంది, ఆయన వీపు దానివైపు. కెమెరా జరిగిపోయినదాన్ని చూపిస్తుంది, అదీ ఏ రోజు ఏ గంటలో చూడాలో మీకు తెలిస్తేనే. ఆ గంట తెలిసేది బిల్లింగ్ రిపోర్టులోంచి. రద్దు చేసిన బిల్లులు, కస్టమర్ వెళ్లాక తీసేసిన ఐటమ్‌లు, రిటర్న్‌లు, ఏ కౌంటర్లో ఎక్కువున్నాయో వారానికోసారి చూడాలి. ఒకచోట ఒకే ఫోన్ నంబర్ మీద నెలలో మూడొందలకు పైగా బిల్లుల పాయింట్లు పడ్డాయి. కార్డు లేదన్న ప్రతి కస్టమర్ పాయింట్లూ క్యాషియర్ తన నంబర్‌కి ఎక్కించుకుంటున్నాడు. దాన్ని ఏ కెమెరా పట్టుకోలేదు, ఎక్సెల్ షీట్‌లో ఒక వరస పట్టుకుంది.

కెమెరా ఒక్కటే కొనగలిగితే తూకం మెషిన్ నెత్తిమీద పెట్టించండి, అంకెలూ కవరూ రెండూ కనిపించేలా. లూజ్ జీడిపప్పు కవర్‌ని వేరుశనగ కోడ్ మీద తూస్తే ఆ బిల్లు అన్ని విధాలా సరిగ్గానే కనిపిస్తుంది. తెలిసినవాళ్ల కోసం ఈ పని ఎక్కువగా జరుగుతుంది.

ట్యాగ్‌ల సంగతి కూడా అంతే. బిల్లింగ్‌లో తీయకుండా బయటికి తీసుకెళ్తే తలుపు దగ్గర గేటుని మోగించేవి ఇవి. 20 రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌కి ట్యాగ్ వేస్తే ట్యాగ్ ఖర్చే నష్టం. చిన్న సైజులో ఎక్కువ ధర ఉండేవాటికి, అంటే రేజర్ బ్లేడ్లు, పిల్లల పాలపొడి, ఫేస్ క్రీములు, బాదం, నెయ్యి లాంటివాటికి మాత్రం వేయండి. ఇంకా ముందు ఆ అరని బిల్లింగ్ కౌంటర్లోంచి కనిపించే చోటికి జరపండి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తే దొంగతనంతో పాటు అమ్మకమూ పడిపోతుంది, అది నేను చేసి చూశాను.

అపోహ: మనిషిని చూస్తే తెలిసిపోతుంది.

దీని గురించి నెమ్మదిగా చెప్పాలి. నేను కొత్తగా చేరిన రోజుల్లో, ఒక షాపులో గేటు మోగింది. ఒకావిడ, పక్కన ఏడెనిమిదేళ్ల పాప. నలిగిన నూలు చీర. సెక్యూరిటీ అతను పక్కకి పిలిచి, అందరి ముందూ హ్యాండ్‌బ్యాగ్ బల్లమీద గుమ్మరించాడు. చిల్లర, మందుల చీటీ, పాప రబ్బరు బ్యాండ్లు. మా సరుకేమీ లేదు. బ్యాగు లోపలి అరలో, కుట్టు కింద, ఆ బ్యాగు కొన్న షాపు వాళ్లు పనిచేయకుండా చేయడం మర్చిపోయి వదిలేసిన ట్యాగ్ ఉంది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అన్నీ తిరిగి సర్దుకుని పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. నేను రెండడుగుల దూరంలో ఉండి ఆపలేదు. అంతకుముందు పదిమందికి గేటు మోగితే నవ్వి పంపించిన అదే సెక్యూరిటీ, ఆవిడని ఎందుకు ఆపాడో నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

చట్టం ఏమంటుందో ప్రతి ఓనర్‌కీ తెలియాలి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 303 ప్రకారం 5,000 రూపాయల లోపు దొంగతనంలో తొలిసారి శిక్ష పడేవాళ్లు సరుకో దాని విలువో తిరిగిచ్చేస్తే, ఆ శిక్ష సమాజ సేవ. దాన్ని నాన్ కాగ్నిజబుల్ (వారంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయలేని), బెయిలబుల్ నేరంగా పెట్టారు. మామూలు మనిషి ఇంకో మనిషిని పట్టుకునే అధికారం సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40లో ఉంది, కానీ అది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరం కళ్లముందు జరిగినప్పుడే. అప్పుడు కూడా ఆలస్యం చేయకుండా, 6 గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. గోడౌన్లో కూర్చోబెట్టి కాగితం రాయించుకోవడం, ఫొటో తీసి గోడకి అంటించడం మీ మీదే కేసుకి దారితీస్తాయి. ఒళ్లు తడిమే హక్కు సెక్యూరిటీకి లేదు.

ఇప్పుడు మా దగ్గర గేటు మోగితే అనే మాట ఒకటే: "అమ్మా, ట్యాగ్ తీయడం మావాళ్లు మర్చిపోయినట్టున్నారు, ఒకసారి బిల్లు చూపిస్తారా?" పొరపాటు మాదన్నట్టే మొదలుపెడతాం. ఎక్కువసార్లు అదే నిజం కూడా.

అపోహ: ఇదంతా పెద్ద ముఠాల పని.

ముఠాలు లేవని కాదు. చీరల షాపుల్లో నలుగురైదుగురు కలిసి రావడం, పరుపు నిండా చీరలు తీయించడం, ఒకరు రేటు దగ్గర గొడవపెట్టుకోవడం నేను చూశాను. దానికి మందు, తీసినవి మడతపెట్టి పక్కన పేర్చాకే తర్వాతి కట్ట విప్పడం. కానీ ముఠాల లెక్క ఊరికే పెరిగిపోతుంది. అమెరికాలో 2021 నష్టాల్లో దాదాపు సగం ముఠాలదేనన్న మాటని, మొదట చెప్పిన నేషనల్ రిటైల్ ఫెడరేషనే 2023 డిసెంబర్‌లో వెనక్కి తీసుకుంది.

అపోహ: షార్టేజ్ జీతాల్లో కోస్తే స్టాఫ్ జాగ్రత్తగా ఉంటారు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ఇదే. పన్నెండు వేల జీతంలో, తాను ముట్టుకోని సరుకుకి ఎనిమిదొందలు కోసేస్తారు. ఒక మనిషికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితేనే, అదీ అతని మాట విన్నాకే కోయాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నుంచీ ఉన్న నియమం ఇది. అందరికీ పంచి కోస్తే నిజాయితీపరులు ముందు మానేస్తారు. మిగిలినవాళ్లు లెక్క రోజున లేని సరుకు ఉన్నట్టు రాయడం నేర్చుకుంటారు. అప్పుడిక మీ స్టాక్ రిజిస్టర్‌లో ఏ అంకెనీ నమ్మలేరు.

గుంటూరు జిల్లాలో ఒక చిన్న షాపు ఓనర్ కోత మానేసి, రోజూ రాత్రి షట్టర్ సగం దించాక 20 ఐటమ్‌లు లెక్కపెట్టించడం మొదలుపెట్టాడు. ఏ అరలోవి అన్నది ఆ సాయంత్రం చీటీ తీస్తారు. తేడా వస్తే ఎవరినీ ఏమీ అనకుండా గోడౌన్ దగ్గర నల్లబోర్డు మీద కారణం రాస్తారు. మొదటి నెల చివర నేను వెళ్లేసరికి బోర్డు మీద ఉన్నవి ఇవి: నూనె పెట్టెలో పది ప్యాకెట్లుంటే సిస్టంలో పన్నెండని ఉంది. ఎక్స్‌పైరీ బ్రెడ్డు సప్లయర్ తీసుకెళ్లాడు, క్రెడిట్ నోట్ ఇవ్వలేదు. ఎలకలు, మూడు గోధుమపిండి బస్తాలు. షాంపూ, కారణం తెలియదు. ఆ ఆఖరి గీత కింద ఎవరో పిల్లవాడు సుద్దముక్కతో రాశాడు: "రేపు మళ్లీ లెక్కపెట్టాలి."