కౌంటర్ వెనక నిలబడ్డవాళ్ల సినిమాలు

దుకాణం చుట్టూ తిరిగే సినిమాల్లో మీకు బాగా ఇష్టమైనది ఏదని ఎవరైనా అడిగితే, ‘షాపింగ్ మాల్’ అని వెంటనే చెబుతాను. 2010లో తమిళంలో వచ్చిన ‘అంగాడి తెరు’కి అది తెలుగు డబ్బింగ్. తెరు అంటే వీధి. అంగడి ఎలాగూ మన మాటే. దర్శకుడు వసంతబాలన్, తమిళంలో మాటలు జయమోహన్‌వి, కథానాయిక మన కోనసీమ అమ్మాయి అంజలి. పండక్కీ పెళ్లికీ మనం వెళ్లే బట్టల షాపు లోపల, మన కంటపడని బతుకు ఎలా ఉంటుందో ఆ సినిమా చూపించింది. అప్పటి నుంచి షాపులో చీరలు విప్పి చూపించే అమ్మాయిల కాళ్ల వైపే నా చూపు పోతుంది. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర నుంచి రాత్రి దించేదాకా నిలబడే ఉండే కాళ్లవి.

నిజానికి మన బట్టల కొట్లలో ఈ నిలబడటం పాత పద్ధతి కాదు. పాతకాలపు కొట్టులో తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది. చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్లి కూర్చునేవాళ్లం. గుమాస్తా కూడా మన ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీర మడత విప్పి కొంగు మన ఒళ్లోకి విసిరేవాడు. షావుకారు గల్లాపెట్టె దగ్గర ఇంకో పరుపు మీద. జీతాలు అప్పుడూ అంతంతమాత్రమే, ఆ కొట్లలో ఆడవాళ్లకు పని దొరకడమే అరుదు, అందుకని ఆ రోజులే బంగారమని నేను అనను. కానీ కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒకే ఎత్తులో కూర్చున్న మాట మాత్రం నిజం. పరుపు పోయి గాజు కౌంటర్లు, నాలుగైదు అంతస్తులు వచ్చాక కుర్చీ కస్టమర్‌కి మిగిలింది, నిలబడటం స్టాఫ్‌కి మిగిలింది.

యూరప్‌లో ఈ మార్పు ముందే వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో పారిస్‌లోని బాన్ మార్షే లాంటి షాపులు బేరాలు మానేసి, ధర చీటీ పెట్టి, ఎవరైనా లోపలికి వచ్చి ఊరికే చూసి వెళ్లొచ్చన్నాయి. అలా చూడటానికి వచ్చేవాళ్ల కోసం వందలమంది సేల్స్ వాళ్లు కావాల్సి వచ్చారు. వాళ్ల కాళ్ల నొప్పి బ్రిటన్ పార్లమెంటు దాకా వెళ్లింది. 1899లో అక్కడ చట్టం చేశారు: షాపులో పనిచేసే ప్రతి ముగ్గురు ఆడవాళ్లకు కనీసం ఒక సీటు ఉండాలి. ముగ్గురికి ఒకటి! అదే ఆ రోజుల్లో పెద్ద గెలుపు.

సినిమా కూడా షాపులోకి తొందరగానే అడుగుపెట్టింది. 1923లో వచ్చిన హెరాల్డ్ లాయిడ్ మూకీ ‘సేఫ్టీ లాస్ట్’ అనగానే అందరికీ గడియారం ముల్లు పట్టుకుని వేలాడే మనిషే గుర్తొస్తాడు. ఆ మనిషి ఉద్యోగం ఏమిటో చాలామంది మరిచిపోతారు. అతను డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో బట్టలు కోసి ఇచ్చే కౌంటర్ గుమాస్తా. చవగ్గా అమ్మే రోజున ఆడవాళ్లు కౌంటర్ మీద పడి తలోవైపు లాగితే, అతని కోటు కాస్తా పోతుంది. కోటు లేకుండా కనబడ్డావేమని పైవాళ్లు అతనికే చీవాట్లు పెడతారు. నూరేళ్లు దాటినా ఆ సీను పాతబడలేదు. మన షాపుల్లో ఆషాఢం సేల్ రోజున నిలబడి చూసినవాళ్లకి నేను విడిగా చెప్పక్కర్లేదు.

నాకు ఇంకా దగ్గరైంది 1940లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’. కథ బుడాపెస్ట్‌లోని ఒక తోలు సామాన్ల కొట్టులో జరుగుతుంది. మిక్లోష్ లాస్లో అనే హంగేరీ రచయిత నాటకం దానికి ఆధారం. ప్రేమకథగా దానికి పేరుంది, 1998లో దాన్ని ఈమెయిళ్ల కాలానికి మార్చి మళ్లీ తీశారు కూడా. నేను మాత్రం మొదటి సీను కోసం చూస్తాను. కొట్టు ఇంకా తెరవలేదు. గుమాస్తాలందరూ బయట యజమాని కోసం ఎదురుచూస్తూ కబుర్లు చెప్పుకుంటుంటారు. ఆయన కారు దిగగానే అందరి నిలబడే తీరూ మారిపోతుంది. ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది. లూబిచ్ నాన్నగారు బెర్లిన్‌లో దర్జీ, సొంత కొట్టు ఉండేది, కుర్రతనంలో లూబిచ్ అందులో పనిచేశాడు కూడా. ఆ సీను అతను ఊహించి తీసినది కాదని నా నమ్మకం.

మాల్ వచ్చాక కథ మారింది. పైకప్పు వేసి, ఏసీ పెట్టి, షాపులన్నీ ఒకచోట చేర్చిన మొదటి పెద్ద మాల్ సౌత్‌డేల్ 1956లో అమెరికాలోని మిన్నెసోటాలో తెరుచుకుంది. దానికి ప్లాన్ గీసింది వియన్నా నుంచి వలస వెళ్లిన విక్టర్ గ్రూయెన్. 1978లో జార్జ్ రొమేరో ‘డాన్ ఆఫ్ ద డెడ్’లో శవాలు లేచి మాల్ చుట్టూ తిరుగుతాయి. గొప్ప సినిమాయే. అయితే అందులో మాల్ అంటే కొనేవాళ్ల పిచ్చి, పనిచేసేవాళ్ల ఊసే లేదు. చాలా మాల్ సినిమాల్లో ఇదే లోటు. తిరిగి కౌంటర్ వెనక్కి వెళ్లింది 1994లో కెవిన్ స్మిత్ తీసిన ‘క్లర్క్స్’. అతను పగలు న్యూజెర్సీలో ఒక చిన్న కిరాణా షాపులో పనిచేసి, రాత్రి అదే షాపులో షూటింగ్ పెట్టుకున్నాడు. బయట చీకటని తెలియకుండా, షట్టర్ తాళం పాడైందని కథలో కలిపాడు. ఖర్చు 28 వేల డాలర్లు కూడా కాలేదు.

ఇక మన దగ్గరికొస్తే, ‘అంగాడి తెరు’ కథ జరిగేది చెన్నైలోని రంగనాథన్ వీధిలో. ఆ వీధి ఉన్న టి.నగర్ మన తెలుగువాళ్లకు కొత్త చోటు కాదు. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి పెళ్లి బట్టలకు అక్కడికే వెళ్లేవాళ్లు ఎందరో. ఆ పేటకు పేరు పిట్టి త్యాగరాయ చెట్టిది, అక్కడి పార్కుకు పేరు పానగల్ రాజాది. ఇద్దరూ తెలుగువాళ్లే, జస్టిస్ పార్టీ నాయకులే. మాంబళం స్టేషన్ పక్కనే, జనంతో కిక్కిరిసిన ఆ సందులోకి వసంతబాలన్ తన కథను దించాడు. తాపీ పని చేసే తండ్రి రైలు ప్రమాదంలో పోతే, బాగా చదువుకునే కుర్రాడు జ్యోతిలింగం షాపులో పనికి కుదురుతాడు. ఒకే హాల్లో వరసగా పడుకునే పిల్లలు, హడావిడిగా మింగాల్సిన మెస్సు తిండి, చెయ్యి చేసుకునే సూపర్‌వైజర్, ప్రేమించడమే నేరమైన చోటు. ఇందులో ఏదీ దర్శకుడు అరిచి చెప్పడు. రోజూ జరిగేది రోజూలాగే చూపిస్తాడు.

ఆ సినిమా వచ్చిన రోజుల్లోనే, కేరళలోని కోళికోడ్‌లో విజి అనే దర్జీ ‘పెణ్‌కూట్టు’ అనే సంఘం పెట్టి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగడుతోంది. మొదటి గొడవ కుర్చీ గురించి కాదు, మరుగుదొడ్డి గురించి. షాపులో టాయిలెట్ లేక, పొద్దుటి నుంచి మంచినీళ్లు తాగకుండా ఉండేవాళ్లు వాళ్లు. ఆ తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాటం సాగింది. 2018లో కేరళ తన షాపుల చట్టాన్ని మార్చి కూర్చునే వీలు కల్పించాలంది. ‘అంగాడి తెరు’ పుట్టిన తమిళనాడు 2021లో తన చట్టంలో 22-ఎ అనే సెక్షన్ చేర్చింది. పని మధ్యలో వీలు దొరికితే కూర్చునేందుకు ప్రతి షాపూ స్టాఫ్ అందరికీ సీట్లు ఏర్పాటు చేయాలి. సినిమా వల్లే చట్టం వచ్చిందని నేను అనను, అది కష్టపడి పోరాడిన ఆడవాళ్ల ఘనత. కానీ వాళ్లు ఏం అడుగుతున్నారో నాలాంటి వాడికి ముందే అర్థమైందంటే, అది ఆ సినిమా పుణ్యమే.

మొన్న శ్రావణ మాసంలో అమ్మని తీసుకుని మా ఊళ్లో ఒక బట్టల షాపుకి వెళ్లాను. మేం చూసి వద్దన్న పద్దెనిమిది చీరలు ఆ అమ్మాయి ముందు గుట్టగా పడున్నాయి. ఒక కాలి మీద బరువు వేసి, ఇంకో మడమ చెప్పులోంచి బయటికి తీసి, ఒక్కోటీ మడత పెడుతోంది. “కాసేపు కూర్చోమ్మా, మాకేం తొందర లేదు” అంది అమ్మ, తన పక్కనున్న స్టూలు జరిపి. ఆ అమ్మాయి నవ్వి, తల పైకెత్తి మూలనున్న కెమెరా వైపు ఒకసారి చూసి, “పర్లేదు పెద్దమ్మా, అలవాటే” అని పంతొమ్మిదో చీర విప్పింది.