బెలూన్ గొడవ వెనుక కచ్చులూరు

సంక్రాంతి దగ్గరపడేసరికి కోనసీమలో మనుషులు ఎక్కి ఎగిరే వేడిగాలి బెలూన్ మాట మళ్ళీ లేచింది. ప్రభల తీర్థానికి, ఆత్రేయపురం పడవ పోటీలకు వచ్చే చుట్టాలకు మన కొబ్బరి తోటల్ని, గోదావరి పాయల్ని పైనుంచి చూపించాలని కొందరు కుర్రాళ్ళ పట్టుదల. శిక్షణకు వెళ్తాం, నలుగురం కలిసి బెలూన్ కొంటాం, ఇక్కడే ఏడాదికి కొన్ని నెలలు నడుపుకుంటాం అంటున్నారు. అవతలి వైపు అధికారుల జవాబు పాతదే. పండగ రోజుల్లో బయటి కంపెనీని పిలుద్దాం, తాళ్ళు కట్టి కాస్త పైకి లేపి దించేస్తారు, అంతకు మించి వద్దు.

బెలూన్ ఎక్కడ పుట్టింది, ఎలా ఎగురుతుంది అన్నవి బడిపిల్లలకూ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. ఈ గొడవకు మూలం ఆకాశంలో లేదు, నదిలో ఉంది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. బోటులో 77 మంది ఉంటే బతికి ఒడ్డుకు చేరింది 26 మంది. ఆ వరదలో బోటును ఎవరు వదిలారు, తనిఖీ ఎవరు చేయాలి, అనుమతి ఏ శాఖది అని అడిగితే ఒక శాఖ ఇంకో శాఖ వైపు చూపించింది. ఆ తరువాత పర్యాటక బోట్లన్నీ ఆగిపోయాయి. వాటి మీద బతికే సరంగులు, వంటవాళ్ళు, ఒడ్డున టిఫిన్ కొట్ల వాళ్ళు నెలల తరబడి ఖాళీగా కూర్చున్నారు.

గోదావరి జిల్లాల్లో సాహస పర్యాటకం పేరుతో ఏ ఫైలు కదిలినా సంతకం పెట్టే చెయ్యి వణకడం అప్పటి నుంచే మొదలైందని నా నమ్మకం. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. అన్ని ప్రాణాలు పోయాక భయం లేకపోతేనే తప్పు. కానీ కచ్చులూరులోనే ఇంకో సంగతి కూడా జరిగింది, దాన్ని మాత్రం మర్చిపోయారు. పెద్ద పెద్ద బృందాలు వచ్చి వెళ్ళాక, లోతైన సుడుల్లో ఇరుక్కున్న ఆ బోటును 38వ రోజున, అక్టోబర్ 22న, బయటకు లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. వాళ్ళ దగ్గర ఉన్నవి లంగర్లు, ఇనుప రోప్‌లు, నీళ్ళ మీద పుట్టిపెరిగిన అనుభవం. స్థానికుణ్ణి నమ్మాలా వద్దా అని ఇవాళ అడిగేవాళ్ళకు నేను చెప్పేది అదే.

అదే ఏడాది జనవరిలో అరకులో బెలూన్ ఉత్సవం జరిగింది. మొదటిది 2017 నవంబర్‌లో, అది రెండోది. నేనూ వెళ్ళాను. తెల్లవారుజామున చలిలో నిలబడితే, ఫ్యాన్ గాలికి నేల మీద గుడ్డ ఉబ్బుతూ, బర్నర్ ఒక్కసారి గర్జించగానే మనిషి లేచి కూర్చున్నట్టు బెలూన్ లేచింది. పక్కనున్న చిన్నపిల్ల వాళ్ళ నాన్న మెడ పట్టుకుని ఏడవడం, రెండు నిమిషాలకే చప్పట్లు కొట్టడం ఇంకా గుర్తుంది. ఉత్సవం అయ్యాక గుడ్డలు మడిచి, బుట్టలు ట్రక్కుల్లోకి ఎక్కించి తీసుకెళ్ళిపోయారు. తాళ్ళు పట్టుకున్న ఊరి కుర్రాళ్ళకు అదే మొదలు, అదే చివర. ఈసారి కోనసీమలో అలా కాకూడదన్నదే వీళ్ళ బాధ.

మన చట్టంలో బెలూన్ కూడా విమానమే. దానికి రిజిస్ట్రేషన్, ఎగరడానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్, పైలట్‌కు లైసెన్సు కావాలి. డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించాలంటే ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. ఇవన్నీ ఢిల్లీలో డీజీసీఏ, అంటే కేంద్ర పౌరవిమానయాన నియంత్రణ సంస్థ, ఇచ్చేవి. అందుకే కలెక్టరేట్ చుట్టూ తిరిగి అలిసిపోవడం వల్ల పని జరగదు. డ్రోన్లకు ఇదే చిక్కు ఉండేది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలతో 18 ఏళ్ళు నిండి పదో తరగతి పాసైనవాళ్ళకు, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొందితే పైలట్ సర్టిఫికెట్ దారి తెరుచుకుంది. ఇవాళ వరి చేల మీద డ్రోన్‌తో మందు కొట్టడం వింతేమీ కాదు.

అధికారుల వాదనలో బలమైనది కరెంటు తీగలు. 2012 జనవరిలో న్యూజిలాండ్‌లోని కార్టర్టన్‌లో 11 మంది, 2016 జూలైలో టెక్సస్‌లోని లాక్‌హార్ట్ దగ్గర 16 మంది చనిపోయింది బెలూన్ తీగలకు తగిలే. రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లకు గట్ల వెంట తీగలు లాగిన డెల్టాలో ఇది చిన్న విషయం కాదు. విమానరంగంలో డబ్బు నిలవదన్న మాటా వినిపిస్తోంది. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబర్‌లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరిలో ఆగిపోయింది కదా అంటారు. లీజుకు తెచ్చిన జెట్ విమానాల లెక్క వేరు, ఒక బుట్ట, ఒక జీపు, నాలుగు సిలిండర్ల లెక్క వేరు.

పైగా తీగలు ఎక్కడున్నాయో, ఏ చేను ఎప్పుడు ఆరుతుందో బయటి కంపెనీకి ఏం తెలుసు? బెలూన్ గాలి ఎటు తీసుకెళ్తే అటే పోతుంది, దిగడానికి పొడి నేల కావాలి. సంక్రాంతికి మన చేలలో దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులు, నిండా నీళ్ళు. పొద్దున్నే పొగమంచు. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో విమానాలే ఆలస్యమయ్యే రోజులవి. బెలూన్ ఎగరేదేమో సూర్యోదయం తరువాత గాలి నిలకడగా ఉండే ఆ కాస్త సేపే. తాళ్ళు కట్టకుండా ఎగరాలంటే అనువైన కాలం సార్వా (మొదటి పంట వరి) కోతలయ్యాక, తుపాను భయం తగ్గిన డిసెంబర్ రోజులు. దిగడానికి లంకల్లో ఇసుక మేటలు కూడా ఉన్నాయి. పండగ తేదీకి ముడిపెట్టడమే అసలు పొరపాటని కుర్రాళ్ళు చెబుతుంటే, ఆ మాట వినేవాళ్ళు కనబడటం లేదు.

పౌరవిమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. రాష్ట్ర పర్యాటక మంత్రి కందుల దుర్గేష్ నిడదవోలు ఎమ్మెల్యే, డెల్టా మనిషి. లైసెన్సు ఇచ్చే శాఖ, ఉత్సవం చేసే శాఖ రెండూ తెలుగువాళ్ళ చేతుల్లోనే ఉన్న సమయం ఇది. కుర్రాళ్ళు అడుగుతున్నది రాయితీ కాదు. శిక్షణకు ఎక్కడికి వెళ్ళాలో, ఏ కాగితం ఎవరి దగ్గర పెట్టాలో ఒకే చోట రాసి ఇమ్మంటున్నారు. తీగలు, చెరువులు, దిగే చోట్లు గుర్తుపెట్టిన మ్యాపు తామే గీసిస్తామంటున్నారు. ఈ ఏడు ఎలాగూ చేలకు నీళ్ళు వదిలేశారు. మళ్ళీ సార్వా కోతలకు పదకొండు నెలల దాకా ఉంది. ఆ కాగితం ఇవ్వడానికి అంత సమయం చాలు.