సీతాఫలం పట్టే చేయి

హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టుకి కృత్రిమ హస్తం చేయాలంటే ముందు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి సర్వో మోటార్లు (చెప్పిన కోణానికి తిరిగి ఆగేవి) ఐదు కొంటారు. వేలికో మోటారు, వేలికో గాలపు దారం. వేళ్లు దేనికది ఆడితేనే అసలు చేతిలా ఉంటుందని నమ్మకం. మన చేయి అలా ఉండదు.

అరచేతిని బల్లమీద ఆనించి, మధ్యవేలిని లోపలికి మడిచి పెట్టండి. ఇప్పుడు ఉంగరపు వేలు ఎత్తండి. దాదాపు కదలదు. వేళ్లను చాపే టెండన్లను, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లను, చేతి వెనక అడ్డపట్టీలు కలిపి కట్టేశాయి. (ఆ వేలి నుంచి గుండెకు ప్రత్యేక నరం పోతుందన్న మాటకు ఆధారం లేదు. దాని ప్రత్యేకత ఈ కట్టే.) 1998లో నాడీశాస్త్ర పరిశోధకుడు సాంటెల్లో బృందం 57 వస్తువులను పట్టే భంగిమల్లో 15 కీళ్ల కోణాలు కొలిచింది. భంగిమల మధ్య తేడాల్లో 80 శాతానికి పైగా రెండే రెండు ఉమ్మడి కదలికల్లో ఇమిడిపోయింది!

ఈ ఉమ్మడితనాన్ని యంత్రంలోకి తెచ్చేది బావి గిలక లాంటి చిన్న గిలక. ఒకే దారం, ఒక కొస చూపుడు వేలికి, రెండో కొస మధ్యవేలికి. దారం నడుమ గిలక. మోటారు లాగేది గిలకనే. పండిన సీతాఫలాన్ని పట్టుకున్నారనుకోండి. చూపుడు వేలు బుడిపె మీద ముందే ఆగింది. గిలక ఆగదు. 5 మి.మీ. జరిగితే 10 మి.మీ. లాగుడంతా మధ్యవేలికే పోతుంది, ఆ వేలు వెళ్లి గాడిలో కూర్చుంటుంది. రాపిడి తీసేస్తే రెండు వైపులా బిగువు సమానం, అందుకే పండు ఒకచోట నలగదు. ఇలాంటి గిలకలు మూడుంటే (రెండు జతలకు రెండు, వాటిని కలిపేది ఒకటి) నాలుగు వేళ్లకు సరిపోతాయి: మోటారు 40 న్యూటన్లు లాగితే వేలికి 10.

చిక్కులున్నాయి. ఒక వేలి కింద ఏమీ లేకపోతే అది పూర్తిగా ముడుచుకునేదాకా రెండోది బిగించదు, కాబట్టి కీలు దగ్గర అడ్డు పెట్టాలి. ఒకవైపు దారం తెగితే జత మొత్తం చచ్చినట్టే. అన్నిటికన్నా పెద్ద శత్రువు రాపిడి. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, దారం మొత్తం 270 డిగ్రీలు వంగేసరికి మోటారు లాగిన బలంలో కొసకు చేరేది 39 శాతమే. టెఫ్లాన్ గొట్టం వేసి గుణకం 0.1కి దించితే 62 శాతం. మన టెండన్లకు ఆ పని జారుడు ద్రవం నిండిన తొడుగు చేస్తుంది.

పట్టబోయిన పండు బయటికి జారిపోతుంటే మోటారును మార్చకండి. కీలు ఇరుసుకీ దారానికీ మధ్య దూరం చూడండి. వేలిని తిరిగి చాపే స్ప్రింగులు ఒకేలాంటివైతే ఆ దూరం అరచేతి పక్కనున్న మొదటి కీలు దగ్గర ఎక్కువగా, కొస దగ్గర తక్కువగా ఉండాలి, 10, 7, 4 మి.మీ. లాగా. అన్నిచోట్లా 7 పెడితే కొస ముందే వంకీ తిరిగి పండును నెట్టేస్తుంది.