అంబాసిడర్ కింద మొండికేసిన బోల్టు

నాన్న అంబాసిడర్ అనంతపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరేళ్లు కదలకుండా ఉండిపోయింది. మొన్న వేసవిలో దాన్ని మళ్లీ నడపాలనుకున్నాను. ముందు పాత ఆయిల్ దించుదామని కిందకు దూరితే డ్రెయిన్ బోల్టు కదల్లేదు. పానాకు రెండడుగుల పైపు తొడిగి, కాళ్లు తన్నిపెట్టి లాగుతుంటే మెకానిక్ మేస్త్రి నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"అట్ల గుంజొద్దు సార్. బోల్టు తల పోతాది, లేకుంటే ఛాంబరే చినుగుతాది."

ఆయన మాట నిజం. ఈ కారు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్ ఉక్కు రేకుతో చేసింది. అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, చినిగితే ఇంకొకటి దొరకడం కష్టం. పానా పక్కన పెట్టి, అసలు ఆ బోల్టును పట్టుకుని ఉన్నదేమిటో ఆలోచించాను.

బోల్టు మీద ఉండే మర అంటే కడ్డీకి చుట్టిన వాలు. గుడి కొండ చుట్టూ తిరుగుతూ పైకెక్కే దారి లాంటిది. బోల్టును బిగించినప్పుడు అది కంటికి కనపడనంత సాగుతుంది. సాగిన ఉక్కు స్ప్రింగులా వెనక్కి లాగుతుంది. ఆ లాగుడే పట్టు. మనం తిప్పే బలంలో దాదాపు పదో వంతు మాత్రమే ఇలా సాగదీయడానికి పనికొస్తుంది. సగం తల కింద రాపిడికి పోతుంది, మిగతా 40 శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. రాపిడి ఎంత వైశాల్యం తాకుతోందన్న దానిమీద కాక, ఎంత గట్టిగా నొక్కుతోందన్న దానిమీద ఆధారపడుతుందని ఫ్రాన్సులో అమోంటన్ 1699లోనే చెప్పాడు. గతంలో ఎవరో అవసరానికి మించి బిగించి వదిలేస్తే, ఆ నొక్కుడంతా ఆరేళ్లూ అలాగే ఉంటుంది.

నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటి ఉంది. శుభ్రంగా ఉన్న బోల్టును విప్పడానికి, బిగించినదానికంటే కాస్త తక్కువ బలమే చాలు. వాలు దిగడం ఎక్కడం కంటే తేలిక కదా. మరి మాది ఎందుకు రాలేదు? మధ్యలో కాలం గడిచింది. లోపలి మరలు నూనెలో ఉంటాయి, వాటికి తుప్పు భయం తక్కువ. తల కింద అంచు మాత్రం బయటికి తెరిచి ఉంటుంది. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడుతుంది, కానీ కారు కడిగిన నీళ్లు, చక్రాలు చిమ్మిన బురద కూడా తుప్పుకు చాలు. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. సందులో అలా ఉబ్బి చీలలా బిగుసుకుంటుంది.

మేస్త్రి ముందు కారును స్టాండ్ల మీద నిలబెట్టించాడు. ఒక్క జాకీని నమ్ముకుని ఎవరూ కిందకు దూరకూడదు. తర్వాత వైరు బ్రష్షుతో తల చుట్టూ గీకి, డీజిల్లో పల్చటి ఆయిల్ కలిపి అంచుకు పట్టించాడు. కింది నుంచి పైకి నూనె ఎలా వెళ్తుంది? దీపం వత్తిలో ఎక్కినట్టే. సందు ఎంత సన్నగా ఉంటే అంత పైకి పాకుతుంది, కాకపోతే నిదానంగా. అందుకే రాత్రంతా వదిలేశాం. మధ్యమధ్యలో బోల్టు తల మీద సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేశాడు. ఆ అదురుకు తుప్పు పొర పగిలి నూనెకు దారి ఇస్తుంది.

పొద్దున వేడి వంతు. కమ్మరి ఎద్దుల బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం మా తాతగారి ఊళ్లో చూశాను. కాల్చిన పట్టా పెరుగుతుంది, చెక్క మీద తొడిగి నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది. మీటరుకు పైన ఉండే పట్టా 400 డిగ్రీలు వేడెక్కితే దాని అడ్డకొలత అయిదు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. కాల్చిన రింగులో రంధ్రం కూడా పెద్దదవుతుంది, చిన్నదవదు. డీజిల్, ఆయిల్ ఉన్నచోట మంట పెట్టకూడదు కాబట్టి, మరిగే నీళ్లలో ముంచిన గోనెగుడ్డను పట్టకారుతో పట్టి బోల్టుకు తగలకుండా చుట్టూ రేకుకు అదిమాం. 50 డిగ్రీల తేడాకు 20 మిల్లీమీటర్ల రంధ్రం పెరిగేది 0.012 మిల్లీమీటరే. చాలా కొద్ది, కానీ నూనెకు ఆ కొద్దీ కావాలి.

ఆరు పలకలనూ చుట్టి పట్టే రింగు పానా వేసి, ముందు కొంచెం బిగించే వైపు నెట్టాడు. పట్టు విడిపోవాలి, అంతే. తర్వాత గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాడు. తల మనవైపు చూస్తుంటేనే ఈ దిక్కు సరి. పైనుంచి చెయ్యి దించి పట్టుకుంటే తారుమారవుతుంది, అలా ఇంకా బిగించేసినవి చాలా చూశానన్నాడు. టక్కుమని చప్పుడు. నల్లటి ఆయిల్ పళ్లెంలోకి దిగింది.

పాత రాగి వాషర్ నలిగి గట్టిపడిపోయింది. దాన్ని విడిగా, దూరంగా స్టవ్ మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాడు. కొడవలిని అలా ముంచితే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తగానే ఉంటుంది. మెత్తటి రాగి కొద్దిపాటి బిగింపుకే ఒదిగి నూనెను ఆపుతుంది. తిరిగి బిగించే ముందు మేస్త్రి పైపు నా చేతిలోంచి తీసేసుకుని, జానెడు పానా ఇచ్చాడు.