ఒకే రిటర్న్, రెండు సంతకాలు

మార్చిలో ఓ ఆదివారం రాత్రి. పిల్లలు పడుకున్నాక భర్త ల్యాప్‌టాప్ తెరిచి, కంపెనీ ఇచ్చిన జీతం లెక్కల కాగితాలు, డబ్ల్యూ–2లు, పక్కన పెట్టుకుని, పన్ను రిటర్న్ సాఫ్ట్‌వేర్ అడిగినవన్నీ నింపుతాడు. చివరి స్క్రీన్ సంతకాలది. సంతకానికి బదులు ఆయనకు ఐదంకెల పిన్, భార్యకు ఐదంకెల పిన్, ఇద్దరి పుట్టిన తేదీలు, ఇద్దరి నిరుటి ఏజీఐ, అంటే కొన్ని మినహాయింపులు తీసేశాక తేలిన ఆదాయం. నిరుడు కూడా ఇద్దరూ కలిపే రిటర్న్ వేసి ఉంటే ఆ ఏజీఐని సగం చెయ్యకూడదు, ఇద్దరికీ అదే మొత్తం వెయ్యాలి. చాలా రిటర్నులు తిరిగొచ్చేది ఇక్కడే. "నీ పిన్ ఏం పెట్టమంటావ్?" అని ఆయన కేకేస్తే, "ఏదో ఒకటి పెట్టెయ్యండి" అని లోపలి గదిలోంచి జవాబు. అమెరికాలో ఎన్నో తెలుగు ఇళ్లలో భార్యాభర్తలు కలిపి వేసే జాయింట్ రిటర్న్ ఇలాగే వెళ్లిపోతుంది. ఆ రెండో పిన్ వెనక ఎంత బరువుందో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇండియా నుంచి వెళ్లినవాళ్లకు ఇది కొత్త పద్ధతి. ఇక్కడ ఎవరి పాన్ వారిది, ఎవరి రిటర్న్ వారిది. అమెరికాలోనూ 1913లో ఆదాయపు పన్ను మొదలైనప్పుడు లెక్క మనిషికొక్కటే. 1918 చట్టం భార్యాభర్తలు కలిపి వేసుకోవచ్చని చెప్పింది గానీ, అందులో పెద్ద లాభం లేదు.

కథ మలుపు తిరిగింది 1930లో. కాలిఫోర్నియా లాయరు గై ఎర్ల్, తన సంపాదనలో సగం భార్యదని 1901లోనే ఒప్పందం రాసుకున్నాడు. కాబట్టి సగానికే పన్ను కడతానన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పండ్లను అవి కాసిన చెట్టుకు కాకుండా వేరే చెట్టుకు అంటగట్టకూడదన్నారు జస్టిస్ హోమ్స్. అదే ఏడాది వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన సీబార్న్ దంపతుల కేసులో అదే కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. అక్కడ పెళ్లయ్యాక వచ్చిన సంపాదన రాష్ట్ర చట్టం ప్రకారమే ఇద్దరిదీ. కాబట్టి చెరి సగం చూపించుకోవచ్చంది. ఆదాయం పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది కాబట్టి సగాలుగా చూపిస్తే పన్ను తగ్గుతుంది. అలా ఒకే జీతం వచ్చే రెండు కుటుంబాలు, ఉన్న రాష్ట్రాన్ని బట్టి వేర్వేరు పన్ను కట్టాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రేట్లు పెరిగేసరికి ఆ తేడా భరించలేనంత అయింది. మిషిగన్, నెబ్రాస్కా, పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాలు కేవలం పన్ను కోసం తమ ఆస్తి చట్టాలే మార్చుకున్నాయి. చివరికి 1948లో, అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేసినా లెక్కచెయ్యకుండా, కాంగ్రెస్ దేశమంతటా ఆ చెరి సగం లెక్కను తెచ్చింది. ఈనాటి జాయింట్ రిటర్న్ లాభానికి మూలం అదే. తర్వాత పెళ్లికాని వాళ్లు తమకు అన్యాయమని గొడవ చేస్తే 1969లో వాళ్ల రేట్లు తగ్గించారు. దాంతో ఇద్దరూ సంపాదించే జంటల్లో కొందరికి పెళ్లి వల్లే పన్ను పెరిగింది.

ఆ 1948 చట్టానికి పదేళ్ల ముందే, 1938లో, ఒక చిన్న వాక్యం చట్టంలోకి వచ్చింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో ముఖ్యమైనది అదే. కలిపి వేసిన రిటర్న్ మీద పన్ను బాకీకి ఇద్దరూ, ఎవరికి వారు పూర్తిగా బాధ్యులు. సగం కాదు, మొత్తానికి. విడాకులైనా ఆ బాకీ పోదు. విడాకుల కాగితంలో "పన్నులన్నీ భర్తే కట్టాలి" అని రాసుకున్నా అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు దాంతో పనిలేదు.

ఈ వాక్యం వల్ల నలిగిపోయిన భార్యల కోసం 1971లో ఇన్నోసెంట్ స్పౌజ్ రిలీఫ్, అంటే తప్పు తెలియని భాగస్వామికి ఆ బాకీ నుంచి ఊరట, వచ్చింది. 1998లో దాన్ని ఇంకాస్త విస్తరించారు. ఫారం 8857 పెట్టుకోవాలి. సాధారణంగా, రిటర్న్‌లో తప్పుందని తనకు తెలియదనీ, తెలిసే అవకాశమూ లేదనీ చూపించాలి. కానీ అసలు రిటర్న్ ఫారం 1040 మీద సంతకం పైన ఉన్న మాట వేరు. ఈ రిటర్న్‌ను నేను పరిశీలించాను అని అక్కడ ప్రమాణం ఉంటుంది.

ఈ–ఫైలింగ్ 1986లో సిన్సినాటి, ఫీనిక్స్, రాలీ–డరమ్‌లలో ప్రయోగంగా మొదలైంది. చాలా ఏళ్లపాటు రిటర్న్ కంప్యూటర్లో పంపినా, ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఒకటి విడిగా పోస్టు చెయ్యాల్సి వచ్చేది. పిన్ వచ్చాక ఆ కాగితం పోయింది. దాంతోపాటు, ఆమె పెన్ను పట్టుకుని ఒక్క క్షణం ఆ పేజీ వైపు చూసే సందర్భమూ పోయింది.

భర్త ఉద్యోగ వీసాకు తోడుగా ఇచ్చే హెచ్–4 వీసా మీద వెళ్లిన మన ఆడపిల్లలకు ఇది మరీ దగ్గరి విషయం. 2015 వరకు వాళ్లకు పనిచేసే అనుమతే లేదు, కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరూ రాదు. మొదటి ఏడాది ఫారం డబ్ల్యూ–7 జతచేసి, రిటర్న్‌ను కాగితం మీద ఆస్టిన్‌లోని ఐఆర్ఎస్ ఆఫీసుకు పంపి, ఆ నంబరు లేనివాళ్లకిచ్చే పన్ను నంబరు ఐటిన్ తెచ్చుకునేవారు. అప్పుడు చేత్తో సంతకం పెట్టిన అమ్మాయి, మరుసటి ఏడాది నుంచి ఐదంకెలైపోయింది. ఒక్కరే సంపాదించే ఇంటికి 1948 నాటి లాభం బాగా కలిసొస్తుంది, అందుకే అందరూ కలిపే వేస్తారు. వెయ్యాలి కూడా. కానీ ఆ రిటర్న్‌లో ఆయన హైదరాబాద్ ఫ్లాట్ అద్దె, ఊళ్లో బ్యాంకు ఎఫ్‌డీ వడ్డీ చూపించారో లేదో ఆమె అడగాలి. అవి దాస్తే, ఆ పన్ను, దాని మీద పెనాల్టీ, వడ్డీ ఒక్క డాలరు సంపాదించని ఆమె మీదా పడతాయి.

"ఫైల్" బటన్ నొక్కేముందు సాఫ్ట్‌వేర్ మొత్తం రిటర్న్‌ను పీడీఎఫ్‌గా చూపిస్తుంది. ఆమె కూర్చుని చూడాల్సింది అదే. విదేశీ ఖాతాల ప్రశ్న, వడ్డీలు చూపించే షెడ్యూల్ బి అనే పేజీ అడుగున ఉంటుంది. విడివిడిగా వేసినవాళ్లు తర్వాత కలిపి వేసుకోవడానికి మూడేళ్ల గడువుంది. కలిపి వేసినవాళ్లు విడిగా మార్చుకోవాలంటే మాత్రం గడువు తేదీ, మామూలుగా ఏప్రిల్ 15, దాటకముందే.