యముడితోనైతే వాదించవచ్చు

2023 జూన్‌లో 'ఆదిపురుష్' విడుదలైన వెంటనే హనుమంతుడి నోట పెట్టిన హిందీ మాటల మీద పెద్ద గొడవైంది. నిర్మాతలు కొన్ని డైలాగులు మార్చారు. అలహాబాద్ హైకోర్టు కూడా గట్టిగానే మందలించింది. తెరమీద దేవుడు ఏం మాట్లాడాలి, ఏం కట్టుకోవాలి అన్న తగాదా మనకు కొత్తేమీ కాదు. ఒక్క యముడి దగ్గర మాత్రం తెలుగు ప్రేక్షకుడు చాలా ఉదారంగా ఉంటాడు. ఆయన చేత ఐస్‌క్రీమ్ తినిపించినా, ఆయన పాశం కొట్టేసినా, ఆయన కొలువులో సమ్మె చేయించినా హాలంతా నవ్వులే. ఇంత చనువు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది సినిమావాళ్లు కనిపెట్టింది కాదు. తండ్రి విసుగులో "నిన్ను యముడికిస్తాను పో" అన్నందుకు నచికేతుడు నిజంగానే యముడి ఇంటికి వెళ్లాడు. ఆయన ఊళ్లో లేకపోతే మూడు రాత్రులు తిండి లేకుండా అక్కడే ఉన్నాడు. అతిథిని పస్తు పెట్టామే అని నొచ్చుకుని యముడు మూడు వరాలిచ్చాడు. మూడో వరంగా పిల్లవాడు అడిగింది, చచ్చాక మనిషి ఉంటాడా ఉండడా అని. యముడికి గొంతులో వెలక్కాయ పడింది. ఏనుగులు, గుర్రాలు, బంగారం, నూరేళ్లు బతికే కొడుకులూ మనవలూ, అప్సరసలు, ఏం కావాలన్నా అడుగు, ఇదొక్కటీ అడక్కు అన్నాడు. నచికేతుడు లొంగలేదు. కఠోపనిషత్తంతా ఆ మొండితనం మీదే నడుస్తుంది.

భారతం వనపర్వంలో సావిత్రిది వేరే దారి. ఆమె తత్వం అడగదు, ధర్మం మాట్లాడుతూ యముడి వెనకే నడుస్తుంది. మామగారికి చూపు, పోయిన రాజ్యం, తండ్రికి నూరుగురు కొడుకులు, ఆ తర్వాత తనకు నూరుగురు. సరే అన్నాక గాని యముడికి తాను ఇరుక్కున్న సంగతి తెలియదు. మన సినిమా పట్టుకున్నది ఈమె కొంగునే. నచికేతుడి ప్రశ్నను మన మాస్ సినిమా గట్టిగా అడిగింది లేదు. పరలోకం ఉందా అన్న అనుమానమే దానికి రాదు. ఉంది, అక్కడొక ఆఫీసుంది, పెద్దాయన సీట్లో ఉన్నాడు, ఇక ఆయన్ని ఎలా ఒప్పించాలన్నదే దాని బాధంతా.

తెలుగు టాకీ పుట్టిన మరుసటి ఏడాదే, 1933లో, సి. పుల్లయ్య కలకత్తా ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీకి 'సావిత్రి' తీశారు. రామతిలకం సావిత్రి, వేమూరి గగ్గయ్య యముడు. నాటకాల నుంచి వచ్చిన గగ్గయ్యది ఖంగుమనే గొంతు, యముడంటే భయపడాల్సిన రోజులవి. 1957 'సతీ సావిత్రి'లో ఎస్వీ రంగారావు యముడిలోనూ ఆ దర్పం తగ్గలేదు. విచిత్రమేమిటంటే, యముడిని నవ్వులపాలు చేసే దారి తెరిచింది కూడా ఆ పుల్లయ్యగారే. 1958లో బెంగాలీలో 'యమాలయే జీబంతో మానుష్' వచ్చింది, ప్రాణంతో ఉన్న మనిషి యమలోకానికి వెళ్తే ఏమవుతుందన్న కథ. దాన్నే ఆయన 1960లో ఎన్టీఆర్‌తో 'దేవాంతకుడు'గా తీశారు.

ఇక్కడ కాస్త శాస్త్రం మాట్లాడుకోవాలి. చేసిన పనికి ఫలం ఎవరిస్తారన్నది మన దర్శనాల్లో పాత తగవు. ధర్మమే, అంటే చేసిన కర్మే, ఫలమిస్తుంది, మధ్యలో ఎవరూ అక్కర్లేదన్నది మీమాంసకుడు జైమిని మతం. జడమైన కర్మకు తనంతట తాను ఫలమివ్వడం ఎలా కుదురుతుంది, ఈశ్వరుడే ఇవ్వాలని వేదాంతి బాదరాయణుడు. బ్రహ్మసూత్రాల్లోనే ఈ ఇద్దరి మాటా ఉంది. పురాణాలు వీళ్లిద్దరి మధ్యకు ఒక గుమస్తాను తెచ్చాయి. చిత్రగుప్తుడు రాస్తాడు, యముడు చదివి తీర్పు చెబుతాడు. చిట్టా రాసే మనిషి వచ్చాక తప్పు పడే వీలు కూడా వచ్చినట్టే. మన సినిమా కథలన్నీ ఈ సందులోంచే దూరాయి.

యముడు పొరపాటు చేయడం కూడా భారతంలోనే ఉంది. దొంగలు సొత్తు తెచ్చి మాండవ్యుడి ఆశ్రమంలో దాస్తే, మౌనవ్రతంలో ఉన్న ఆయన్ని రాజభటులు కొరత వేశారు, అంటే శూలానికి గుచ్చారు. ఆ తర్వాత ముని నేరుగా యముడి దగ్గరికి పోయి నిలదీశాడు. చిన్నప్పుడు పురుగులను గడ్డిపుల్లతో గుచ్చావు, దాని ఫలమే ఇది అన్నాడు యముడు. తెలిసీ తెలియని వయసులో చేసిన పనికి ఇంత శిక్షా అని ముని ఆయన్నే శపించాడు. యముడు విదురుడై పుట్టింది ఆ శాపం వల్లే. పైగా పద్నాలుగేళ్లలోపు చేసినది పాపం కిందికి రాదని ముని కొత్త కట్టడి కూడా పెట్టాడు. తీర్పు చెప్పేవాడికే శిక్ష వేసి, చట్టం దిద్దిన ముద్దాయి మాండవ్యుడు. 1988లో 'యముడికి మొగుడు'లో ఆయువు తీరకముందే ప్రాణం తీశారని చిరంజీవి యముడి మీద తిరగబడితే, ఆ వాదన ఆదిపర్వం నాటిది.

కింది ఉద్యోగుల గొడవా పాతదే. భాగవతంలో, చివరి క్షణంలో నారాయణా అన్న పాపి అజామిళుడి ప్రాణం తీయబోయిన యమభటులను విష్ణుదూతలు అడ్డుకుని పంపేస్తారు. (పోతనది అనుకుంటాం గానీ తెలుగులో ఈ షష్ఠస్కంధం రాసింది ఏర్చూరి సింగన.) వాళ్లు తిరిగొచ్చి, అసలీ లోకానికి శాసించేవాళ్లు ఎంతమంది స్వామీ అని యముడినే అడుగుతారు. డ్యూటీ చేయబోయి తన్నులు తిన్నవాడి ఉక్రోషం అందులో వినిపిస్తుంది. శ్రీనాథుడి శివరాత్రి మాహాత్మ్యంలో సుకుమారుడనే పాపి కోసం వెళ్లి శివగణాల చేతిలోనూ వీళ్లకు ఇదే గతి.

1977 అక్టోబరులో తాతినేని రామారావు తీసిన 'యమగోల' ఆ ఉక్రోషానికి యూనియన్ కట్టించింది. కథలో వినిపించేది కార్మికనాయకుడి భాష, ఎదుట ఉన్నది మాత్రం పౌరాణిక రాజు. ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడు నెలలే అయిన ఆ రోజుల్లో, సింహాసనం మీదున్నవాడిని నిలదీస్తుంటే జనానికి ఎంత హాయిగా ఉండేదో ఊహించుకోవచ్చు. యముడిగా కైకాల సత్యనారాయణ, చిత్రగుప్తుడిగా అల్లు రామలింగయ్య. "యముండ!" అని గర్జించి, మరుక్షణం బిక్కమొహం పెట్టడం కైకాలకే చెల్లింది. గగ్గయ్య దర్పం లేకపోతే ఆ బిక్కమొహానికి నవ్వు రాదు.

1994 'యమలీల'లో వాదన పోయి సమాచారం వచ్చింది. భవిష్యవాణి పుస్తకం భూమ్మీద పడి ఆలీకి దొరుకుతుంది. పందేలకు, లాభాలకు వాడుకున్నంతసేపు బాగానే ఉంటుంది, తల్లి చావు సంగతి చదివాక కాళ్ల కింద నేల కదులుతుంది. ముందే తెలిస్తే తప్పించగలమా అన్న విధి, పురుషకారాల (రాసిపెట్టినది, మనిషి ప్రయత్నం) చర్చ ఇంత తేలిగ్గా చెప్పిన సినిమా మనకు మరొకటి లేదనే నా అభిప్రాయం. 2007 'యమదొంగ'లో యమలోకానికి ఎన్నికలే వచ్చేశాయి. చూడ్డానికి సరదాగా ఉంది గానీ, ధర్మం ఓట్లతో తేలుతుందా అన్న చిక్కును రాజమౌళి తాకి వదిలేశారు.

యముడి మీద జోకులకు మనోభావాలు అంతగా ఎందుకు దెబ్బతినవన్నదానికి ఒక జవాబు గుళ్లలో దొరుకుతుంది. తిరుపతి వెంకన్నకూ భద్రాద్రి రాముడికీ మొక్కుకున్నట్టు యముడికి ఎవరు మొక్కుకుంటారు? జగిత్యాల జిల్లా ధర్మపురిలో నరసింహస్వామి ఆవరణలో ఆయనకొక గుడి ఉంది. అక్కడ కూడా యమగండం తప్పించమనే దండం పెడతారు. రాముడు ఇంట్లోవాడు, యముడు దక్షిణ దిక్కుకు నియమించిన అధికారి. అధికారి మీద నవ్వుకోవడానికి భక్తి అడ్డురాదు, కచేరీల చుట్టూ తిరిగి విసిగిన జనానికి అది తీరిన కసి కూడా.

ఇప్పుడు పౌరాణికం గ్రాఫిక్స్‌తో తిరిగొచ్చింది. 'హనుమాన్', 'కల్కి 2898 ఏడీ' రెండూ 2024లోనే వచ్చాయి. వాటిల్లో దైవం అంటే శక్తి, ఆయుధం, అవతారం. నువ్వు రాసిన లెక్క తప్పు అని ఆ శక్తి ముందు నిలబడి అడిగే పాత్రకు ఆ కథల్లో చోటు తక్కువ. కైకాల 2022 డిసెంబరులో పోయారు. ఆ సింహాసనంలో కూర్చుని, ఎదుటివాడి మాటకు తడబడగల నటుడిని పరిశ్రమ ఇంకా వెతుక్కున్నట్టు లేదు.