పటాలం గుడి, మిషన్ గుడి: రెండు దారుల చరిత్ర

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత చర్చి కనబడగానే "మిషనరీలు కట్టించారు" అనేస్తాం. చాలా గుడుల విషయంలో అది నిజమే. ఆంగ్లికన్ కట్టడం, అంటే ఇంగ్లండు చర్చి పద్ధతి గుడి, దగ్గర మాత్రం ఆ మాటతో సరిపెట్టుకుంటే అసలు చరిత్ర దొరకదు.

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. క్రాన్ 1809లో చికాకోలులో, అంటే మన శ్రీకాకుళంలోనే, కన్నుమూశారు. వాళ్లది ఆంగ్లికన్ సంఘం కాదు. 1870ల్లో వచ్చిన కెనడా బాప్టిస్టులదీ కాదు. భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి కేంద్రాలుగా వాళ్లు ఊరూరా తిరిగారు. ఇక్కడి తెలుగు సంఘాల్లో చాలావాటికి మూలం వాళ్ల పనే.

ఆంగ్లికన్ ఆరాధన ఇంకో దారిలో వచ్చింది. తెల్ల అధికారులు, పటాలం ఉన్నచోటికి ఈస్టిండియా కంపెనీ జీతమిచ్చి చాప్లిన్‌ను, అంటే వాళ్లకు ఆరాధన జరిపించే పాదిరిని, పంపేది. విజయనగరంలో కంటోన్మెంట్ అనే పేటపేరు ఆ కాలానిదే. చాప్లిన్ సర్కారు ఉద్యోగి కాబట్టి ఆయన రాతకోతలన్నీ సర్కారు దస్త్రాల్లోకే వెళ్లాయి. మిషన్ నివేదికలు ఎంత తిరగేసినా వాటి జాడ అంతగా కనబడదు.

కట్టిన సంవత్సరం దగ్గర కూడా తికమక ఉంది. విజయనగరానికి దగ్గర్లోని భీమిలి చర్చినే చూడండి. శంకుస్థాపన 1855లో జరిగితే, మద్రాసు బిషప్ ఫ్రెడరిక్ గెల్ ప్రతిష్ఠ చేసింది 1864లో. ఆంగ్లికన్ పద్ధతిలో ప్రతిష్ఠ బిషప్ చేతుల మీదుగానే జరగాలి. ఆయన మద్రాసు నుంచి రావాలి. అందుకే ఒకే గుడికి రెండు తేదీలుంటే ఏదో ఒకటి తప్పని కొట్టేయకూడదు. జూబ్లీ సంచిక వేసేవాళ్లు రెండూ రాస్తే మంచిది.

1930లో ఇక్కడి ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండు చర్చి నుంచి విడిపోయింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణాది ఆంగ్లికన్లు సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిశారు. కెనడా బాప్టిస్టు సంఘాలు కలవలేదు. ఒకే ఊళ్లో రెండు గుడులు రెండు పాలనల కింద ఉండటానికి మూలం ఇదే. దీన్ని ఈ మధ్య పుట్టిన తగాదాగా చూడటం అన్యాయం.

పాత బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్ల నకళ్లు అప్పట్లో మద్రాసు మీదుగా లండన్ చేరేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వెతికేవాళ్లు జిల్లా పేరు చూసుకోవాలి: విజయనగరం కాగితాలు విశాఖపట్నం జిల్లా కింద, 1936కు ముందు శ్రీకాకుళానివి గంజాం జిల్లా కింద ఉంటాయి.